ఇంటివాళ్ళు ఎదురుగా ఉండాలి

"దోర్కా గారిల్లు ఇదేనా అండీ?"

తడిసిన బైబిలు కాగితాలను ఎండలో ఒక్కొక్కటే విడదీస్తున్న ఆమె, తెలుగు మాట వినగానే తలెత్తింది. ఎదురుగా చేతిలో ట్యాబు, మెడలో కార్డుతో ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"ఇదే తల్లీ. ఏటి పని?"

"నా పేరు రష్మిత. ఇక్కడే ఇంజనీరింగ్ చదువుతున్నాను. తుఫాను నష్టం రాసుకోవడానికి మమ్మల్ని పంపించారు. ఇంటివాళ్ళు ఎదురుగా ఉంటేనే రాయాలి. లేకపోతే తాళం అని వేసి ముందుకు పోవాలి. ఈరోజే ఆఖరు. జాబితాలో పేరున్నవాళ్ళకే పైకప్పు రేకులు ఇస్తారట. దోర్కా గారు ఉన్నారా?"

ఆమె కొంగుతో నుదురు గట్టిగా తుడుచుకుంది.

"నానే," అంది.

రష్మిత ఊపిరి పీల్చుకుంది. పరాయి రాష్ట్రంలోని ఈ ఖరిదా పేటలో, రైలుపట్టాల పక్కనున్న ఈ తెలుగువాళ్ళ వీధిలో పొద్దుట్నుంచి పదకొండు తాళాలు రాసింది. రేషన్ కార్డు అడిగితే ఆమె లోపలికి వెళ్ళి, చాలాసేపు వెతికి తెచ్చింది. ఫొటో తడిసి చెరిగిపోయింది, పేరు మాత్రం మిగిలింది. ఆ వీధిలో అందరి కార్డులూ అలాగే ఉన్నాయి కాబట్టి రష్మిత పేరు చూసి నంబరు ఎక్కించుకుంది.

"కప్పు ఎంత పోయిందండీ?"

"సగం రేకులు ఎగిరిపోనాయి. గోడ కూడా పగిలింది. రా, లోపలికొచ్చి సూడు. ఏదీ ఒగ్గేయకుండా రాయి తల్లీ."

"బతుకుతెరువు?"

"కుట్టుమిషను. నీట్లో మునిగి తుప్పట్టిపోయింది."

"ఎన్నేళ్ళుగా కుడుతున్నారు?"

ఆమె తడబడింది. "సాన్నాళ్ళయింది."

పాపం, ఇంత జరిగాక లెక్కలెక్కడ గుర్తుంటాయి అనుకుని రష్మిత ఇరవై అని వేసుకుంది. తర్వాతి ప్రశ్న చేపల చెరువు గురించి, ఆపైది తమలపాకు తోట గురించి. ఆ ఫారం తయారుచేసిన మహానుభావుడు ఈ వీధి మొహం ఎన్నడూ చూసి ఉండడు. రెండింటికీ లేదు అని కొట్టేసింది.

"చెట్లు, నీళ్ళు?"

"ఆ నిద్రగన్నేరు కూలిపోయింది. వీధంతటికీ అదొక్కటే నీడ. బోరింగు నీళ్ళు మురుగు కంపు. నోట్లో పెట్టుకోలేం."

"మనుషులకు దెబ్బలేమైనా?"

ఆమె పక్కింటివైపు చూసింది. అక్కడ మొండిగోడలు తప్ప ఏమీ మిగల్లేదు.

"ఆ ఇల్లు సింహాచలమ్మది. గాలి రేగినప్పుడు నాను లోపల ఇరుక్కుపోనాను. తను పరిగెట్టుకొచ్చి నన్ను బైటకి ఈడ్సింది. నాను బతికినాను. ఎగిరొచ్చిన రేకు తన కాలి మీద పడి ఎముక ఇరిగింది. ఆస్పత్రిలో ఉంది."

ఆమె కళ్ళు నిండాయి. రష్మిత ట్యాబు పక్కకు దించింది.

"ఆ ఇల్లు కూడా నేనే రాయాలండీ. ఇంకెవరైనా ఉన్నారా?"

"ఒక్కర్తే. ఎవులూ లేరు."

"మీరు చెప్తే రాసే వీల్లేదు. మనిషి ఎదురుగా ఉండాలి, ఇంటిముందు ఫొటో తీయాలి. సాయంత్రంలోపు ఎలాగైనా రాగలరేమో కనుక్కుంటారా?"

ఆమె చాలాసేపు ఆ మొండిగోడలనే చూసింది. ఇంకో రెండు వారాల్లో వానలు మొదలవుతాయి.

"ఎలాగొస్తాది? తాళమని రాసేయి తల్లీ."

రష్మితకు చాలా బాధేసింది. ఒక ప్రాణం కాపాడిన మనిషికి కప్పు లేకుండా పోతోంది, ఆ ముక్క తన చేత్తోనే రాయాల్సి వస్తోంది. ఇంకేం చేయలేక రాసేసింది. తర్వాత ఆమెను దోర్కా ఇంటిముందు నిలబెట్టి ఫొటో తీసింది.

"మీ పేరు ఎక్కింది. రేకులు తప్పకుండా వస్తాయండీ."

"రావాల తల్లీ. అదే సాలు," అంటూ ఆమె రష్మిత తల నిమిరింది.

రష్మిత సందు మలుపు తిరిగి వెళ్ళిపోయింది. కాసేపటికి వెనక వీధి కిరణ్‌కుమార్ తన టోటో, అదే బ్యాటరీ రిక్షా, తెచ్చి ఆ ఇంటిముందు ఆపి, ఆమెను కేకేశాడు.

"సింహాచలమ్మత్తా, ఎక్కు, ఆస్పత్రిలో దోర్కా నీ కోసమే సూస్తంది."