ఉప్పు కొండ మీది బొమ్మ

"ఏటిది? పులుసు అలాగే ఒగ్గీసినావేటి?"

కూర్మయ్యకి ఒళ్లు మండింది. కొత్త మనిషి తలెత్తలేదు. వట్టి అన్నంలో నీళ్లు పోసుకుని కలుపుకుంటున్నాడు.

"ఉప్పు తినను మావా."

నౌపడలో ఆ మాట అన్న మనిషిని కూర్మయ్య బుద్ధెరిగాక చూడలేదు. ఊరు ఊరంతా ఉప్పు మడుల మీదే బతుకుతోంది. కూర్మయ్య అయితే ఉప్పు రాశులకి కాపలా మనిషి. రాశుల పక్కనే తాటాకు పాక. అందులో ఒక్కడే.

భార్య ఎప్పుడో పోయింది. ఉన్న ఒక్క కొడుకు లక్ష్ముడు పటాలంలో చేరి, నిరుడు సరిహద్దు కొండల్లో పోయాడు. పోయాడని కబురైతే వచ్చింది గాని శవం రాలేదు. ఎలా పోయాడో చెప్పిన వాళ్లూ లేరు.

శవం రాని చావంటే ఊళ్లో నోళ్లు ఊరుకుంటాయా?

"బయపడి పారిపోయుంటాడు," అన్నాడు టీకొట్టు దగ్గర ఎవడో.

కూర్మయ్య టీకొట్టుకి వెళ్లడం మానేశాడు. ఆ మాట మాత్రం అతని వెంటే పాక దాకా వచ్చింది. పారిపోయాడంటే సిగ్గు. పారిపోతే బతికున్నట్టే కదా అని ఆశ. నిజం చెప్పేవాడు లేక, ఆ రెండింటి మధ్యా నలిగిపోతున్నాడు ముసలాడు.

అలాంటప్పుడు వచ్చాడు ఈ జగన్నాధం. శృంగవరపుకోట వైపు మనిషి. బొమ్మలు చేసుకుని బతుకుతానన్నాడు. దాహం అడిగి, పాక ముందు కూలబడి, ఉండిపోయాడు.

మడి బురదతో వేలెడేసి సిపాయి బొమ్మలు చేసి ఎండబెట్టాడు. పాత తలుపు చెక్క మీద ఉప్పు పోసి కొండలు కట్టాడు.

"ఉప్పు కొండలేట్రా?"

"అక్కడ కొండలు ఇలాగే తెల్లగుంటాయి మావా."

"ఎక్కడ?"

జగన్నాధం మాట మార్చి ఆట నేర్పాడు. చెరో పటాలం. గవ్వలు విసరాలి. అన్నీ వెల్లకిలా పడితే ఫిరంగి పేలినట్టు. ఆ కొండ మీదున్న బొమ్మలన్నీ చచ్చినట్టు.

"మరి నా బొమ్మ కూడా ఆ కొండ మీదే ఉంటేనో?"

జగన్నాధం గవ్వలు కింద పెట్టాడు.

"మన బొమ్మని మనం కొట్టకూడదు. ఆడే కొట్టమని అడిగితే తప్ప."

"మట్టిబొమ్మ అడుగుతాదేటి!"

"కొట్టినోడు మరింక ఆట ఆడకూడదు. అదీ రూలు."

కూర్మయ్య పకపకా నవ్వాడు. ఆ పాకలో నవ్వు వినపడి ఎన్నాళ్లయిందో.

చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్న బొమ్మ ఒకటుంది. దాన్ని మాత్రం జగన్నాధమే తెచ్చి కూర్మయ్య కొండ కొసన నిలబెట్టేవాడు.

"దీనికి సెవిపోటేటి?" అని ఏడిపించేవాడు కూర్మయ్య.

పొద్దు వాలేసరికి ఎదురుగా ఒక మనిషి కూర్చోవడం ఎంత హాయో కూర్మయ్యకి అప్పుడు తెలిసింది. కానీ ఆ చప్పిడి కూడే గొంతులో ముల్లయింది. మన ఇంటి ఉప్పు తినడానికి అంత నామోషీ ఏమిటి?

ఒకరోజు ఆట ముదిరింది. జగన్నాధం బొమ్మలన్నీ వచ్చి ఆ చెవిపోటు బొమ్మని చుట్టేశాయి. కూర్మయ్య గవ్వలు విసిరాడు. అన్నీ వెల్లకిలా పడ్డాయి.

"పేలింది! కొండంతా ఊడిసిపెట్టుకుపోనాది! నా బొమ్మ పోతే పోనీ, నెగ్గింది నాను!"

జగన్నాధం గభాల్న బొమ్మకి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒద్దు మావా. ఆడు అడగనేదు."

కూర్మయ్యకి ఇన్నాళ్లూ దాచుకున్న కోపం తన్నుకొచ్చింది.

"నా ఉప్పు తినవు. నా గెలుపు ఒప్పుకోవు. ఎవుడివిరా నువ్వు? ఎల్లిపో!"

"మావా, ఒక్క మాట సెప్పాల. దానికోసమే నాను..."

"ఎల్లమన్నానా!"

జగన్నాధం లేచాడు. సంచి భుజాన వేసుకుని, మడి గట్ల మీదుగా రైలు స్టేషను వైపు నడిచిపోయాడు.

కూర్మయ్య ఆ చెక్క ఎత్తలేదు. కోపం చల్లారితే వాడే వస్తాడులే అనుకున్నాడు. కోపం తనదేనని మర్నాటికే తెలిసొచ్చింది. పులుసులో ఉప్పు వేసే ముందు కాస్త వేరే గిన్నెలోకి తీసి పక్కన పెట్టేవాడు. పొద్దున్నే దాన్ని పారబోసేవాడు.

వానలకి ముందు గంగులు వచ్చాడు. లక్ష్ముడితో కలిసి పటాలంలో చేరిన కుర్రాడు. కాలు పోయి ఇన్నాళ్లూ ఎక్కడో ఉత్తరాది ఆసుపత్రిలో ఉన్నాడు. కర్ర ఊతంతో పాక ముందుకి వచ్చి, చెక్కని చూసి నిలబడిపోయాడు.

"ఇది మా కొండే మావా! సెవి కాడ వైర్‌లెస్సు... ఇది మన లక్ష్ముడు!"

"ఆడు పారిపోనాడేట్రా?" కూర్మయ్య గంగులు చెయ్యి పట్టుకున్నాడు.

"పారిపోడమా! మమ్మల్నందర్నీ దిగిపొమ్మని ఆడొక్కడే ఉండిపోనాడు. శత్రువులు సుట్టూ కమ్మీసినారు. 'నా మీదే గుండు ఎయ్యండి' అని కిందున్న ఫిరంగి కాడికి కబురెట్టినాడు. ఆళ్లు ఎయ్యలేమంటే, ఎయ్యమని బతిమాలినాడు. ఆ గుండే మమ్మల్ని బతికించినాది."

కూర్మయ్య బొమ్మని తీసి గుండెకి హత్తుకున్నాడు. సిగ్గు పోయింది. ఆశా పోయింది. భోరుమని ఏడ్చాడు.

గంగులు పాకలోకి తొంగిచూశాడు. పొయ్యి పక్కన ఒక గిన్నె మూతపెట్టి ఉంది.

"ఏడి మావా ఆయన? ఆ గుండు తన సేత్తో ఏసినకాడి నుంచీ కూట్లో ఉప్పు ముట్టని మనిషి, నీ సేత్తో పెడితే తింటాడనే నీ కాడికి పంపినాను."