రెండే సీట్లు

కారు తలుపు లోపలినుంచి ఎంత నెట్టినా తెరుచుకోలేదు. అద్దం కూడా దిగలేదు.

“అందుకేగా సార్ ఇంత చవగ్గా ఇస్తున్నా! పైన టాపు కూడా మొరాయిస్తోంది. ఉండండి, మెకానిక్కుని పట్టుకొస్తా,” అని అద్దానికి అవతలనుంచి అరిచి, అమ్మేవాడు పరుగెత్తాడు.

ఆ పాత స్పోర్ట్స్ కారులో, కొనడానికొచ్చిన టైలరూ, అతని భార్యా ఇరుక్కుపోయారు.

“ముచ్చటపడి చూపించారే, రెండే సీట్లు!” భార్య విరుచుకుపడింది. “అత్తయ్య ఎక్కడ కూర్చోవాలి? మీ తమ్ముళ్లూ, తోటికోడళ్లూ, పిల్లలూ? అందర్నీ నెత్తిన పెట్టుకుని నడుపుతారా?”

టైలరు స్టీరింగు మీంచి చూపు తిప్పలేదు. “వాళ్లెవరూ పట్టరనే దీన్ని చూశాను.”

“అంటే?”

“ఆ ఇంట్లో మనిద్దరం ఒక్క మాటైనా పూర్తిగా మాట్లాడుకున్నామా? నువ్వు ‘ఏవండీ’ అంటే చాలు, ఎవరో ఒకరు తలుపు కొడతారు. నాకు ఊపిరాడట్లేదే.”

ఇంతలో ఆమె ఫోను మోగింది. ఇంటినుంచి. ఆమె ఎత్తలేదు. మళ్లీ మోగితే గొంతు నొక్కినట్టు ఆపేసి, సంచిలో పడేసింది.

“నాకొక్కదానికే అలా ఉంటుందనుకున్నాను,” అంది.

టైలరు మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

మెకానిక్కు వచ్చి, బయటినుంచి ఏదో మీట తిప్పి, ఆమె పక్క తలుపు లాగాడు. చల్లగాలి లోపలికొచ్చింది.

“దిగండమ్మా.”

ఆమె కదల్లేదు.

“బాబూ, ఇంకాసేపు ఆ తలుపు వేసి ఉంచుతావా?” అంది. “మేం మాట్లాడుకుంటున్నాం.”