బట్టల సోడా

"నీళ్లు దారికొచ్చాయి! మేనేజరుగారు సెలవిచ్చేశారు!" అంటూ పరుగెత్తుకొచ్చాడు హోటల్ ఈతకొలను చూసుకునే కొత్త పెళ్లికొడుకు.

కొలనుకి కొత్త సిమెంటు పూత పూసిన దగ్గర్నుంచి నీళ్లలో క్షారం దిగనంటోంది. అది దిగితేగాని సెలవు లేదు, సెలవు లేనిదే హనీమూన్ లేదు. రోజూ అతను యాసిడ్ పోసేవాడు. తెల్లారేసరికి కథ మళ్లీ మొదటికొచ్చేది.

"ఇన్నాళ్లూ మొండికేసి, ఇవాళెలా లొంగిందో!"

కొలను గట్టున కూర్చుని, తెచ్చిన క్యారియర్ విప్పుతున్న పెళ్లాం గతుక్కుమంది. "నిన్నటికి సోడా అయిపోయింది బావా."

"ఏం సోడా?"

"బట్టలుతికేది. యాసిడ్ పోసిన నీళ్లలో దిగి గోడలు తోముతావు కదా, నీ కాళ్లు కాలతాయని రోజూ సాయంత్రం క్యారియర్ తెచ్చినప్పుడు నువ్వు చూడకుండా రెండు కిలోలు కలిపేదాన్ని. కెమిస్ట్రీలో ఫస్ట్ క్లాసు నాది!"

అతనికి గట్టిగా అరవాలనిపించింది. కాళ్ల వైపు చూసుకున్నాడు. నెల రోజులుగా ఆ నీళ్లతో తనొక్కడే కుస్తీ పడుతున్నాననుకున్నాడు. కాదన్నమాట.

"మేనేజరుగారికి చెప్తావా?" అందామె బెదురుగా.

"చెప్తే నన్ను తీసేసి నిన్ను పనిలోకి తీసుకుంటాడు. పద, బట్టలు సర్దు. రేపు పొద్దున ఏడింటి బస్సుకి కొండ మీదికి హనీమూన్‌కి పోతున్నాం. అక్కడ స్నానానికి కూడా బకెట్టు నీళ్లేనట!"