దొంగ మెరుపు

“మాస్టారూ, ఆ మీట మీంచి చెయ్యి తీయండి. జెనాన్ కొన్నవాళ్ల ట్యాంకరు బయట నిలబడి ఉంది.”

ఒత్తావియో తీయలేదు. తొట్టిలోని జెనాన్ ద్రవం బయటికి పోతే, ఈ ఇటలీ కొండ కడుపులో సాగుతున్న ప్రయోగం ముగిసినట్టే. కంటికి కనిపించని కృష్ణపదార్థపు (డార్క్ మ్యాటర్) రేణువు ఒక్కటైనా ఆ ద్రవాన్ని తాకి చిన్నగా మెరవకపోతుందా అని ఆయన జుట్టు నెరిసేదాకా కాచుకున్నాడు.

“మెరిసే ఉంటుంది ఎర్సీలియా. నీ యంత్రమే ఊడ్చి పారేసి ఉంటుంది.”

ఒకప్పటి శిష్యురాలు ఎర్సీలియా ఇప్పుడు ప్రయోగానికి పెద్ద. “అది పారేసేది చెత్తనే మాస్టారూ.”

“చెత్తో కాదో చూద్దామంటే ఏదీ? చెరిపేశాక ఏం చూడను, నీ మొహమా?”

కొలతలు కుప్పలుగా వచ్చిపడతాయి. అన్నీ దాచే చోటు లేదు. అందుకే ఏరే పని కృత్రిమ మేధకు అప్పగించారు. అది ఉంచిందే సరుకు, తోసేసింది తవుడు. అయితే తూచేదాన్ని తూచి చూడకుండా అంగట్లో పెట్టేంత అమాయకురాలు కాదు ఎర్సీలియా. అసలు మెరుపును పోలిన నకిలీని ఎవరికీ చెప్పకుండా కొలతల్లో కలిపి పరీక్షించడం ఈ వృత్తిలో ఆనవాయితీ. ఆ పని ఆమె కింద పనిచేసే కుర్రాడు నేవియోది. ఏది కలిపాడో, ఎప్పుడు కలిపాడో పరీక్ష ముగిసేదాకా ఆమెకైనా చెప్పడు.

“నేవియో కలిపిన నకిలీల్లో ఒక్కటీ దాని కన్ను దాటిపోలేదు,” అంది ఎర్సీలియా. “అవే కొలతలు కళ్లతో చూసి మీరు వాటిలో సగం కూడా పట్టలేదు. అలాంటిది, అసలుదొస్తే వదులుతుందా?”

“గీటురాయి మీద గీసి చూపించాక ఇంకేం బేరమాడతాను,” అని గొణిగి ముసలాయన చెయ్యి తీశాడు.

ఆమె మీట తిప్పింది. పంపులు హోరెత్తాయి. ఒత్తావియో టోపీ పెట్టుకుని, చూడి ఆవును నిమిరినట్టు తొట్టిని ఒకసారి నిమిరి, సొరంగంలోకి నడిచిపోయాడు.

తొట్టి ఖాళీ అయ్యేవేళకు నేవియో మూడు కాఫీలతో వచ్చాడు.

“మాస్టారేరీ?”

“వెళ్లిపోయారు. ఆయనది కూడా నువ్వే తాగు.” ఎర్సీలియా కళ్లు తుడుచుకుంది. “ఇంక దాపరికం దేనికిలే, చెప్పు. మాస్టారి కంటికే ఆనని నకిలీలు ఎలా తయారు చేశావురా?”

“నేనా?” నేవియో నవ్వాడు. “అంత ఓపిక నాకెక్కడిది అక్కా! అన్నీ మెరుపులు ఏరే ఆ నీ యంత్రం చేతే చేయించాను.”