రెండు తెరల కొట్లాట

"ఇదంతా ఆ రాధిక చేసిన పని. కంప్యూటర్లో పెట్టేది సరిగ్గా పెట్టదు, పిలిస్తే రాదు. అట్లాంటోళ్లకు ఉద్యోగాలిచ్చినోళ్లను అనాల."

ఆదోనిలో ఒక ఆసుపత్రి. మార్చురీ పక్కనే, శవాలను అప్పగించే కాగితాలిచ్చే గది. పెద్ద గుమాస్తా గోవిందయ్య పొద్దుట్నుంచి ఈ ఒక్క తిట్టే తిడుతున్నాడు. ఎదురుగా కంప్యూటర్ తెర నల్లగా ఉంది. మధ్యలో ఒకసారి మెరుస్తుంది, మళ్లీ చస్తుంది.

కిటికీ బయట హనుమన్న నిలబడి ఉన్నాడు. పొద్దున కోసిగి రోడ్డులో ఆటో బోల్తా పడింది. అందులో పోయిన ఇంటిమనిషిని తీసుకుపోవాలి. ఊళ్లో గుంత తవ్వి పెట్టుకుని కూర్చున్నారు. ఎండ ముదురుతోంది. కాగితం లేనిదే మార్చురీ తాళం తీయరు. కంప్యూటర్ లేవనిదే కాగితం రాదు.

"సారూ, పేరు సెప్పమంటారా?"

"మిషన్ లేసినాక సెప్పుదువులేప్పా. పోయినోళ్లకు తొందరుంటాదా?"

గదిలో ఎవరో నవ్వారు.

ఎమ్మిగనూరు నుంచి మెకానిక్ భరత్ వచ్చాడు. కాసేపు కీబోర్డు మీద కొట్టి చూశాడు.

"అన్నా, ఈ మిషన్ నడిపే లైనక్స్‌లో లాగిన్ తెర చూపించే ప్రోగ్రాములు రెండుండాయి. పాతదొకటి, కొత్తదొకటి. మిషన్ లేస్తానే రెండూ తెర మీద పడి గుంజుకుంటాండాయి. మార్కెట్ యార్డులో ఒక పత్తిమూటకు ఇద్దరు దళారులు తగులుకున్నట్ల. కొత్తది ఎవరెక్కించినారు?"

గోవిందయ్య గొంతు తగ్గించాడు.

"మా మేనల్లుడు మధు. నిన్న సాయంత్రం. సూసేదానికి బాగుంటాదన్యాడు."

వెంటనే గొంతు పెంచాడు.

"అయినా పాతది ఆ పిల్ల గట్టిగా పెట్టింటే ఇట్లయితుండెనా? పొద్దున్నే ఫోన్ చేసినా, వచ్చి బాగు చేయకుంటే రేపట్నుంచి రావద్దని. బయల్దేరినా సార్ అనింది. బయల్దేరిందంట. ఇప్పుడు ఫోనే ఎత్తదు."

"యాడో సల్లగా పండుకొని ఉంటాదిలే సార్" అంది పక్క సీటు శాంతకుమారి.

హనుమన్న నోరు తెరిచాడు.

"నువ్వుండప్పా" అన్నాడు గోవిందయ్య.

హనుమన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. కాగితం ఈయన చేతిలో ఉంది. ఈయనకు కోపమొస్తే శవం రేపటికి పోతుంది. పేదోడు చావు దగ్గర కూడా గుమాస్తా మొహం చూసి మాట్లాడాల్సిందే.

భరత్ మిషన్‌ను బాగుచేసే రికవరీ తెరలోకి పోయాడు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పరుగెత్తాయి. కొత్త ప్రోగ్రామును పీకేశాడు. పాతదాన్నే వాడమని చెప్పి మిషన్‌ను మళ్లీ లేపాడు. లాగిన్ తెర వచ్చింది. ఈసారి నిలబడింది.

గోవిందయ్య కుర్చీ ముందుకు జరుపుకుని కాగితాల పేజీ తెరిపించాడు. ఆపరేటర్ వేలిముద్ర పెట్టమంది తెర.

"ఆపరేటర్ ఎవరన్నా?" అడిగాడు భరత్.

"ఇంకెవరు, ఆ మహాతల్లే. ఆయమ్మ వేలు పడితేగాని ఈడ ఒక్క కాగితం రాదు."

గోవిందయ్య కిటికీ వైపు తిరిగాడు.

"సూసినావాప్పా? నీ శవం ఆగింది నా వల్ల కాదు. పోయి ఆ రాధికను అడుగు."

హనుమన్న కిటికీ చువ్వలు పట్టుకున్నాడు.

"ఆ రాధిక నా కూతురే సారూ, వేలు కావాల్నంటే మార్చురీ తాళం ఇప్పుడే తీయండి."