కోట గీతలు

“ఆ పాలపొడి సీసాలోకి వొంపేసుకో. డబ్బా నాకు కావాలి” అన్నాడు గురుప్రసాద్, మేకూ సుత్తీ చేతపట్టుకుని.

ప్రతిమ భర్త చేతిలోని మేకు వంక చూసింది. డబ్బా అడిగాడంటే మ్యాచ్ ఇవాళేనన్నమాట.

ఏటా జనవరిలో ఒక శుక్రవారం, దోహాలో నజ్మా పేట వెనకాల ఇసక మైదానంలో, వాళ్ళ ఊరి రెండు కాలేజీల పాత విద్యార్థులు ఫుట్‌బాల్ ఆడతారు. ఒకవైపు కోట కాలేజీ, రెండోవైపు కాలవ కాలేజీ. ఊళ్ళో ఆ మ్యాచ్ రోజున బజారంతా మూతపడేది. సముద్రం దాటి వచ్చినా ఆ పంతం చల్లారలేదు.

గురుప్రసాద్‌ది కోట. మోకాలు సహకరించదని ఆడడు గానీ, అతనంత అభిమాని మరొకడు లేడు. ఏ ఏడు ఎవరు ఏ మూలనుంచి గోలు కొట్టారో, వానొస్తే ఎక్కడ బురదయ్యేదో అన్నీ నోటికొచ్చు. పొద్దున్నే వెళ్ళి డబ్బాలో సున్నం నింపి, తాడైనా కట్టకుండా మైదానం చుట్టూ తిన్నగా గీతలు గీసేది కూడా అతనే.

“నువ్వు శత్రువుల మనిషివి. అటువైపు కూర్చోవాలి మరి” అని నవ్వాడు, డబ్బా అడుగున చిల్లులు పొడుస్తూ.

ప్రతిమకు నవ్వు రాలేదు. ఆమె కాలవ కాలేజీలో చదివిందే లేదు. అమ్మకు జబ్బు చేస్తే తొమ్మిదో తరగతిలో బడి మానేసింది. పెళ్ళిచూపుల్లో మేనమామ మాత్రం, “మా పిల్ల కాలవ కాలేజీలో ఇంటరండీ” అనేశాడు. “అయితే మా శత్రువే!” అని పకపకా నవ్వి, గురుప్రసాద్ అక్కడికక్కడే సరేనన్నాడు. ఆ మాట మీద నిలబడిన కాపురం ఇది. అబద్ధమని తెలిస్తే? పోయినేడు కడుపుతో ఉన్నానని మ్యాచ్ తప్పించుకుంది. ఇప్పుడు అమ్ముకి పది నెలలు. ఏం వంక చెబుతుంది?

“ఈసారి అరుంధతిగారు కూడా వస్తున్నారట. కాలవ కాలేజీ ప్రిన్సిపాలుగారి అమ్మాయి. మ్యాచ్ అయ్యాక అందరినీ బ్యాచ్‌లవారీగా నిలబెట్టి ఫోటోలు తీస్తారట” అన్నాడు గురుప్రసాద్. సుత్తి గురి తప్పి బొటనవేలి మీద పడింది.

“అయ్యో, దెబ్బ తగిలిందా?”

“ఏం లేదులే. పద, పద.”

అతను గీతలు గీయడం ముగించేసరికి మైదానమంతా గోల గోలగా ఉంది. “కోటకి బీటలు!” అని ఒక పక్క. “కాలవ ఎండిపోయింది!” అని ఇంకో పక్క.

“ఏం గురుభాయ్, మా గోలు దగ్గర గీత వంకరగా ఉందేం?” అని అరిచాడు కాలవ కెప్టెన్ హమీదుద్దీన్.

“గీత తిన్నగానే ఉంది. వంకర నీ కళ్ళది!”

అందరూ నవ్వారు. ప్రతిమ చాపమీద ఒక చివరకు ఒదిగి కూర్చుంది. రెండు నిమిషాలు కాకుండానే ఒకావిడ వచ్చి పక్కనే కూర్చుంది.

“నువ్వు మన కాలేజీయేనటగా అమ్మాయ్! నేను అరుంధతిని. నీది ఏ గ్రూపు?”

“బై... బైపీసీ అండీ.”

“అలాగా! జువాలజీ ఎవరు చెప్పేవారు మీకు?”

  అరుంధతి జవాబు కోసం మొహంలోకే చూస్తోంది. ప్రతిమ చెయ్యి దానంతటదే ఒళ్ళోని అమ్ము తొడమీదికి పోయి గట్టిగా గిల్లింది. పిల్ల కెవ్వుమంది.

“ఆకలేస్తోందండీ పాపం” అంటూ పిల్లను ఎత్తుకుని దూరంగా వెళ్ళిపోయింది. మ్యాచ్ అయ్యేదాకా మళ్ళీ అటు రాలేదు.

ఆఖరి నిమిషంలో కోట గోలు కొట్టింది. మైదానం దద్దరిల్లిపోయింది.

“యల్లా, యల్లా! తొందరగా బ్యాచ్‌లవారీగా రండి!” కెమెరా పట్టుకుని ఎవరో పిలుస్తున్నారు. అరుంధతి లేచి ప్రతిమ కోసమే వెతుకుతున్నట్టు చుట్టూ చూస్తోంది. ప్రతిమ అటు వీపు తిప్పి నిలబడింది.

అంతలో గురుప్రసాద్ పరుగున వచ్చాడు. “పద, ఇంటికెళ్ళిపోదాం. పిల్ల ఏడుస్తోంది.”

అమ్ము ఏడుపు మానేసి చాలాసేపైంది.

“మీ వాళ్ళు గెలిచారుగా. ఫోటో దిగరా?”

“ఫోటోకేముంది, ఎప్పుడైనా దిగొచ్చు” అంటూ ఖాళీ డబ్బా చంకలో పెట్టుకుని కారు వైపు నడిచాడు.

కారులో అమ్ము గౌను సరిచేస్తుంటే తొడమీద ఎర్రగా కమిలిన మచ్చ కనబడింది. ఇక ప్రతిమవల్ల కాలేదు.

“ఏవండీ, నేను కాలవ కాలేజీలో చదవలేదు. తొమ్మిదితో ఆపేశాను. మామయ్య అబద్ధమాడాడు, నేను నోరు మూసుకున్నాను. నన్ను పుట్టింటికి పంపెయ్యకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను.”

గురుప్రసాద్ కారు పక్కకు తీసి ఆపాడు.  

“ఆ కాలేజీ గేటైనా దాటలేదా?”

“లేదండీ.”

అతను సున్నం అంటిన తన వేళ్ళవంక చూసుకున్నాడు.

“మా కోట గేటు నేను దాటాను ప్రతిమా, గీతలు గియ్యడానికి మాత్రమే.”