ముందు పోర్టులో కుంకుమ

“ఎన్నిసార్లు పెట్టినా ఈ పెన్‌డ్రైవ్ చూపిస్తలేదు. మా బిడ్డ ఫొటోలన్నీ దీంట్లనే ఉన్నయి,” అన్నాడు వామన్‌రావు.

అబిడ్స్‌లో కంప్యూటర్లు బాగుచేసే సుశాంత్ వామన్‌రావు తెచ్చిన లినక్స్ కంప్యూటర్‌లో కమాండ్ కొట్టాడు. తగిలించిన పరికరాల జాబితాలో పెన్‌డ్రైవ్ లేదు. వామన్‌రావు దాన్ని బయటికి లాగాక, అది గుచ్చిన ముందు పోర్టులోకి టార్చి వేశాడు.

“లోపలంతా కుంకుమే అంకుల్. దసరా పూజకు పెట్టినట్టున్నరు. బ్రష్‌తో తీస్తే అయిపోతది.”

వామన్‌రావు చెయ్యి అడ్డం పెట్టాడు. “వద్దు. ఆ బొట్టు మా బిడ్డ వైశాలి పెట్టింది. పండుగైన నాలుగు దినాలకే పోయింది.”

సుశాంత్ బ్రష్ పక్కన పెట్టేశాడు. “అయితే వెనక పోర్టుల పెడదాం. జర ఇటియ్యున్రి.”

ఇవ్వబోతూ వామన్‌రావు పెన్‌డ్రైవ్ కొసను చూశాడు. అది ఎర్రగా ఉంది.

“దినాం గుచ్చి గుచ్చి నేనే చెరిపేస్తున్ననా?” అన్నాడు.